జిన్నా సాహెబుకు ప్రధాని పదవి: 1947 నాటి ఒక ప్రతిపాదన

దేశ విభజన మాట వచ్చినప్పుడల్లా మనలో రెండు వాదనలు వినబడుతుంటాయి. తప్పంతా లీగుదేనని కొందరు, కాదు కాంగ్రెసుదేనని కొందరు. ఈ వాదులాటలో మరుగునపడిన ఒక సంగతిని పాఠకుల ముందుంచాలని మేము తలచాము. తాత్కాలిక ప్రభుత్వాన్ని జనాబ్ ముహమ్మద్ అలీ జిన్నా చేతికే అప్పగించమని గాంధీజీ అడిగిన సంగతి అది.

1946 సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. ముస్లిం లీగు మొదట దూరంగా ఉండి, అక్టోబరు 26న ఐదుగురు సభ్యులతో చేరింది. ఆర్థికశాఖ లియాఖత్ అలీ ఖాన్‌కు వచ్చింది. ఒకే ప్రభుత్వమన్న మాటే గాని, అది ఒక ఒరలో రెండు కత్తుల కాపురం. 1947 ఫిబ్రవరి 28న లియాఖత్ అలీ బడ్జెట్టు పెట్టి, లక్ష రూపాయలు దాటిన వ్యాపార లాభాల మీద 25 శాతం పన్ను ప్రతిపాదించేసరికి తగువు మరీ ముదిరింది.

బయట సంగతి ఇంకా ఘోరం. కలకత్తా, నౌఖాలీ, బీహారు, పంజాబు వరుసగా రక్తసిక్తమయ్యాయి. బీహారులో వేలాది ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. ఆ పల్లెల్లో తిరిగి, ఇళ్ళు కాలిపోయినవారి గోడు విని, గాంధీజీ అక్కణ్ణించే ఢిల్లీ వచ్చారు. ఏప్రిల్ 1న కొత్త వైస్రాయి మౌంట్‌బాటెన్‌తో తన మనసులోని మాట చెప్పారు.

మంత్రివర్గం కూర్చే అవకాశం జిన్నాకివ్వాలి. మంత్రులందరూ ముస్లింలే అయినా, ఒక్క ముస్లిమైనా లేకపోయినా అది ఆయన ఇష్టం. దేశప్రజలందరి మేలు కోరే పనులు చేసినంతకాలం కాంగ్రెసు మనస్ఫూర్తిగా సహకరించాలి. ఏది మేలో తేల్చవలసింది మౌంట్‌బాటెన్ ఒక్కరే. జిన్నా దేశమంతటా శాంతికి పాటుపడాలి, ప్రైవేటు సైన్యాలు ఉండకూడదు. పాకిస్తాన్ కోరవచ్చు గాని బలప్రయోగంతో కాదు, నచ్చజెప్పి సాధించుకోవాలి. జిన్నా వద్దంటే ఇదే అవకాశం కాంగ్రెసుకు ఇవ్వాలి. ఇదీ పథకం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. లీగు తరఫు వ్యక్తినే ప్రధానిగా ఒప్పుకుందామని 1940లోనే రాజాజీ అన్నారు.

మర్నాడు మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ను మౌంట్‌బాటెన్ అడిగితే, ఇది ఆచరణ సాధ్యమేనని, రక్తపాతం ఆగడానికి దగ్గరి దారి ఇదేనని ఆయన చెప్పారు. కాని నెహ్రూ, పటేల్ ససేమిరా అన్నారు. లీగుతో ఒకే మంత్రివర్గంలో వేగి వారు విసిగి ఉన్నారు. పంజాబును విభజించాలని మార్చి 8నే కాంగ్రెసు కార్యవర్గం తీర్మానించింది కూడా. వైస్రాయి సలహాదారులకూ ఈ పథకం రుచించలేదు. శాసనసభలో కాంగ్రెసుకే బలం ఉండగా జిన్నా ప్రభుత్వం ఎన్నాళ్ళు నిలుస్తుందన్న సందేహమూ తీసివేయదగ్గది కాదు.

ఏప్రిల్ 11న గాంధీజీ వైస్రాయికి ఉత్తరం రాశారు. బాద్‌షా ఖాన్ తప్ప తన సహచరులెవరూ ఒప్పుకోలేదని చెప్పి, తప్పుకున్నారు. ఏప్రిల్ 9న జిన్నాతో మాట్లాడుతూ మౌంట్‌బాటెన్, మీరు ప్రధాని కావాలన్నది నా కల అని మాటవరసకు అన్నారట. కాస్సేపయ్యాక జిన్నాయే ఆ మాట మళ్ళీ ఎత్తారు. కాని షరతులతో కూడిన ప్రతిపాదనగా అది ఆయన ముందుకు రానేలేదు. జూన్ 3న విభజన ప్రకటన వెలువడింది.

ఇది జరిగి ఉంటే విభజన ఆగిపోయేదని మేము అనటం లేదు. జిన్నా కాదనే వారేమో. కాని ఆయన్ని అడగకుండానే ఆయన జవాబు ఇతరులు ఊహించేశారు. ఇక బీహారు పల్లెల్లో ఇల్లు కాలిపోయిన ముస్లింను, పంజాబులో ఊరు విడిచిన హిందువును, సిక్కును ఎవరు అడిగారు? ఆ నిర్ణయం భారం మోసింది వాళ్ళే.

పెద్దలు ఒకరినొకరు నమ్మకపోతే దెబ్బ తగిలేది సామాన్యులకే. మన పిల్లలు విభజన గురించి అడిగినప్పుడు గాంధీజీ పెట్టిన షరతులు, ఆజాద్ సాహెబు చెప్పిన మాట, బాద్‌షా ఖాన్ ఒంటరిగా పలికిన మద్దతు కూడా చెబుదాం. ఎదుటివాణ్ణి అనుమానించే ముందు ఒక్కసారి అడిగి చూడటం మన ఇళ్ళల్లో, మన మొహల్లాల్లో, మన సంఘాల్లో అలవాటు చేసుకుందాం. అల్లాహ్ మనకు ఆ సహనం ప్రసాదించుగాక, ఆమీన్.