అనుమానం వాడ మీద, సంశయ లాభం ఊరికి

వాడపల్లి దగ్గర మూసి వచ్చి కృష్ణలో కలుస్తది. వంతెన దాటితే పొందుగుల, గుంటూరు వైపు. ఒకప్పుడు ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు ఇంగ్లీషోళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. పాలకులు వేరైనా రెండు ఒడ్లకూ ఒక అలవాటు ఉమ్మడిగా ఉండేది. ఊళ్లె ఏదన్నా పోతే పోలీసు మొదట వాడకే వచ్చేటోడు. నా చిన్నతనంలోనూ అంతే. మా నాయిన కూలికి పోయిన ఒక ఊళ్లె బావి మోటారు పోతే ఆయన్ని రెండు రోజులు ఠాణాలో కూసోబెట్టిండ్రు. మోటారు ఆసామి బావమరిది దగ్గర దొరికింది. నాయినకు ఎవరూ తప్పయిందని చెప్పలేదు. ఆయనా అడగలేదు, ఇంటికి పంపిండ్రు, అదే చాలనుకున్నడు.

కొందరు పుట్టుకతోనే నేరస్థులని చట్టంలోనే రాసుకున్న దేశం ఇది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను అందులో కట్టడి చేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ ఆ చూపు ఎక్కడికీ పోలేదని చెప్పడానికి నేను దూరం వెళ్లనక్కర లేదు. మా దారిలోనే రెండు కేసులున్నయి.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి, జాతీయ రహదారి మీద ఆంధ్రలోకి దాటితే నందిగామ వస్తది. దాని దగ్గరి అనాసాగరం దళితవాడకు చెందినవాడు పిడతల సత్యంబాబు. 2007 డిసెంబర్ 27న విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న ముస్లిం అమ్మాయిని చంపేశారు. పలుకుబడి గలవాళ్ల ప్రమేయం ఉందని ఆమె తల్లిదండ్రులు ఆరోపిస్తూ వచ్చారు. దర్యాప్తు నెలల తరబడి ఎటూ తేలలేదు. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబును తీసుకొచ్చి ఇతనే హంతకుడు, తనే ఒప్పుకున్నడు అన్నారు. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి మాత్రం మొదటినుంచీ వీడు కాదనే అన్నది. ఆమె మాట ఎవరికీ పట్టలేదు. జైల్లో ఉండగా అతనికి కాళ్లు పడిపోయే జబ్బు చేసి హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స చేయాల్సి వచ్చింది. 2010 సెప్టెంబర్ 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతన్ని దోషి అన్నది.

2017 మార్చి 31న హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. సత్యంబాబుకు లక్ష రూపాయలు ఇవ్వమన్నది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమన్నది. 2018లో కేసును సీబీఐకి అప్పగించింది. అప్పీలు హైకోర్టులో నడుస్తుండగానే విజయవాడ కోర్టులో ఉన్న కేసు వస్తువులు ధ్వంసమైనయని కూడా అప్పుడే బయటపడ్డది. అతను జైల్లో గడిపింది ఎనిమిదిన్నరేండ్ల పైన. లక్షను ఆ రోజులతో భాగించి చూసిన. రోజుకు ముప్పై రెండు రూపాయలు కూడా పడదు. ఉపాధి హామీ పనిలో మట్టి మోసినా అంతకన్నా ఎక్కువే వస్తది.

ఇక రెండోది మిర్యాలగూడలోనే జరిగింది. 2018 సెప్టెంబర్ 14న పెరుమాళ్ల ప్రణయ్ గర్భవతి అయిన భార్య అమృతతో, తల్లితో కలిసి ఆసుపత్రి నుంచి బయటికి వస్తుంటే వెనక నుంచి నరికి చంపారు. అతను మాల, ఆమె కోమటి. ఆ ఏడాది జనవరిలోనే పెండ్లి చేసుకున్నరు. ఆసుపత్రి కెమెరాలో పడిన ఆ దృశ్యం దేశమంతా చూసింది. అమృత తండ్రి మారుతీరావు కోటి రూపాయలకు బేరం పెట్టి చంపించిండని పోలీసులు చెప్పారు, నేరం ఒప్పుకున్నడనీ చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలె. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉన్నది. అంటే రెండు ఒప్పుకోళ్లూ చట్టం ముందు ఒక్కటే. కానీ సమాజం ముందు ఒక్కటి కాలేదు. సత్యంబాబు ఒప్పుకున్నడంటే లోకం వెంటనే నమ్మేసింది, ఎందుకు చేసిండని కూడా అడగలేదు. మారుతీరావు దగ్గరికొచ్చేసరికి అందరికీ 'ఎందుకు' కావలసి వచ్చింది. కన్నతండ్రి కడుపుకోత అన్నరు, బిడ్డ మీద ప్రేమ అన్నరు. తల్లిదండ్రులను కాపాడాలంటూ మిర్యాలగూడలో ర్యాలీ కూడా తీసిండ్రు. టీ కొట్ల దగ్గర నేను విన్న వాదనల్లో ముద్దాయిగా నిలబడ్డది హతుడి భార్యే. ప్రణయ్ తండ్రిది కూడా కన్నప్రేమే కదా అని అడిగితే జవాబు లేదు.

కోర్టుల్లో కూడా ఈ తేడా కొత్తది కాదు. వంతెన అవతల గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లెనే కూసున్నది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో చంపారో రుజువు కాలేదన్నది. అనుమానం మిగిలితే అది ముద్దాయికి లాభించాలనే సూత్రాన్ని నేను కాదనను. ఆ సూత్రం ఉండబట్టే సత్యంబాబు బయటికొచ్చిండు. కాకపోతే అతని దాకా రావడానికి దానికి ఎనిమిదిన్నరేండ్లు పట్టింది. చుండూరు నిందితుల విషయంలో అది ఎదురేగి నిలబడ్డది.

మారుతీరావు 2019లో బెయిలు మీద బయటికొచ్చిండు. 2020 మార్చిలో హైదరాబాద్‌లో ఆత్మహత్య చేసుకున్నడు. చనిపోయినవాడి మీద విచారణ సాగదు కాబట్టి అతను దోషి అని ఏ కోర్టూ అనలేదు, ఇక అనదు. చరిత్ర రాసేవాళ్లకు ఇది చిక్కే. తీర్పు లేదు కదాని మనం నోరు మూసుకోనక్కర లేదు గానీ, ఆరోపణకూ రుజువుకూ మధ్య గీత చెరిపేస్తే రేపు ఆ పని సత్యంబాబు లాంటివాళ్ల మీదే జరుగుతది.

2025 మార్చి 10న నల్లగొండ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పిచ్చింది. బీహార్ నుంచి కిరాయికొచ్చి కత్తి పట్టిన సుభాష్ శర్మకు ఉరి, మారుతీరావు తమ్ముడు శ్రవణ్‌తో సహా మిగతా ఆరుగురికి యావజ్జీవం. ఆరున్నరేండ్లు కోర్టు చుట్టూ తిరిగిన ప్రణయ్ తల్లిదండ్రులకు ఇంతకాలానికి దక్కిన న్యాయం ఇది. నాకూ ఊపిరి తీసుకున్నట్టే అనిపించింది. కానీ ఉరి అనేసరికి మనసు ఒప్పలేదు. కులం కోసం బేరం పెట్టారన్న కేసులో, ఆ కులంతో ఏ సంబంధమూ లేని కిరాయి మనిషికి పడ్డది ఉరి.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం బస్సుకు నిప్పంటించి 23 మంది చావుకు కారణమైన కేసులో చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు దళిత యువకులకు ఉరి వేశారు. 1997 మార్చి 29 అని తేదీ కూడా పెట్టారు. చివరి ఘడియలో సుప్రీంకోర్టు ఆపింది, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. వాళ్లు నేరం చేయలేదని ఆనాడు ఎవరమూ అనలేదు. ఉరి వద్దన్నరు, అంతే. పౌరహక్కుల వాళ్లు, రచయితలు, దళిత సంఘాలు ఊరూరా తిరిగి చెప్పిన మాట అది.

ప్రణయ్ తీర్పు వచ్చిన వారం మిర్యాలగూడ బస్టాండులో ఒక డిగ్రీ పిల్లగాడు నన్ను నిలదీసిండు: "మనోణ్ని సంపినోనికి గూడ ఉరి వద్దంటవా అన్నా?" వద్దనే అన్న. వాడు మొఖం తిప్పుకొని దామరచర్ల బస్సెక్కిండు.