పిండిపదార్థములు తగ్గించిన ఆహారము: రెండు శతాబ్దముల అనుభవము

అన్నము మానివేస్తే మధుమేహము పోతుందని, బరువు తగ్గుతుందని మీరు తరచు వింటూనే ఉంటారు. చెప్పేవారు దీనిని నిన్న మొన్న బయటపడిన రహస్యముగా చెబుతారు. వైద్యచరిత్రలో ఈ పథ్యమునకు 200 సంవత్సరములకు పైబడిన వయస్సు ఉంది. ఈ కాలములో దీని వలన మేలు పొందినవారు ఎందరో ఉన్నారు. ప్రాణములు కోల్పోయినవారూ ఉన్నారు. ఎవరికి ఎందువలన మేలు కలిగిందో, ఎవరికి ఎందువలన కీడు కలిగిందో తెలుసుకుంటే, ఈ ఆహారమును మీరు క్షేమముగా పాటించగలరు.

మాంసపు పథ్యము

1796లో ఆంగ్లసైన్యపు ఫిరంగి దళములో శస్త్రవైద్యుడైన జాన్ రోలో వద్దకు మెరిడిత్ అనే కెప్టెన్ మధుమేహముతో వచ్చాడు. అతడు స్థూలకాయుడు. రోలో అతనికి పాలు, సున్నపు తేట, కొవ్వుతో కూడిన మాంసము ప్రధానముగా పథ్యము పెట్టాడు. మూత్రములో చక్కెర తగ్గింది, రోగి కోలుకున్నాడు. 1797లో రోలో ఈ చికిత్సను గ్రంథముగా ప్రకటించాడు. అందులో వర్ణించిన రెండవ రోగి మాత్రము ఈ పథ్యమును నిలబెట్టుకోలేకపోయాడు. పథ్యము ఎంత శక్తిమంతమైనదైనా, మనిషి దానిని సాగించలేకపోతే ప్రయోజనము లేదన్న సంగతి ఆనాడే తేలిపోయింది.

లండనులో శవసంస్కారముల వ్యాపారి అయిన విలియం బాంటింగ్ 1862లో 202 పౌనుల (సుమారు 92 కిలోల) బరువు ఉండేవాడు. వినికిడి తగ్గిందని విలియం హార్వే అనే చెవి వైద్యుని వద్దకు వెళ్ళాడు. హార్వే పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసములు విన్నవాడు. కాలేయము తనంతట తాను చక్కెరను తయారుచేసి రక్తములోనికి వదులుతుందని కనుగొన్న శాస్త్రవేత్త బెర్నార్డ్. హార్వే తన రోగిని రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. ఏడాదిలో బాంటింగ్ 46 పౌనుల (సుమారు 21 కిలోల) బరువు తగ్గి, 1863లో తన అనుభవమును చిన్న పుస్తకముగా అచ్చువేయించి ఉచితముగా పంచిపెట్టాడు. స్వీడిష్ భాషలో పథ్యము చేయుటకు నేటికీ ఆయన పేరు మీద ఏర్పడిన క్రియాపదమే వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక విషయము గమనించండి. బాంటింగ్ పిండిపదార్థములను పూర్తిగా మానలేదు. కాల్చిన రొట్టె ముక్క, పండ్లు, కూరలు ఆయన భోజనములో ఉండేవి. వెన్నను గిన్నెలతో తినలేదు సరికదా, అది నిషేధపు జాబితాలో ఉంది. ఆయన 81 సంవత్సరములు జీవించాడు.

ఆకలి నేర్పినది, ఆకలి చేయలేనిది

1870లో ప్రష్యా సైన్యము పారిస్ నగరమును ముట్టడించినపుడు తిండి కరువైంది. అపోలినేర్ బుషార్దా అనే వైద్యుడు తన మధుమేహరోగులలో కొందరికి మూత్రములో చక్కెర తగ్గిపోవడము గమనించాడు. మితముగా తినడము, పిండిపదార్థములు తగ్గించి ఆకుకూరలు తినడము, శరీరశ్రమ చేయడము ఆయన చికిత్సలో భాగములు. నేడు మేము రోగులకు చెప్పే మాటలలో చాలా భాగము ఇదే.

అయితే మధుమేహము ఒక్క తీరుగా ఉండదు. మెరిడిత్ వంటి స్థూలకాయులలో సాధారణముగా ఇన్సులిన్ ఉంటుంది, కాని శరీరము దానికి సరిగా స్పందించదు. తిండి తగ్గి బరువు తగ్గితే ఆ స్పందన మెరుగుపడుతుంది. పిల్లలలో ఎక్కువగా కనిపించే మొదటి రకములో ఇన్సులినే ఉండదు. అటువంటి వారిని అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ కఠినమైన ఉపవాసములతో, అత్యల్పాహారముతో కొంతకాలము బ్రతికించగలిగాడు, అంతే. ఆయన రోగులలో ఎలిజబెత్ హ్యూస్ అనే బాలిక ఉంది. అమెరికా విదేశాంగ మంత్రి కుమార్తె. 11 ఏళ్ళకు వ్యాధి బయటపడింది. 1922 ఆగస్టులో టొరాంటో చేరేటప్పటికి, 15 ఏళ్ళు నిండబోతున్న ఆ పిల్ల బరువు సుమారు 45 పౌనులు, అంటే 20 కిలోలు. అక్కడ ఫ్రెడరిక్ బాంటింగ్ ఇచ్చిన ఇన్సులిన్‌తో కోలుకుని ఆమె 1981 వరకు జీవించింది. మొదటి రకము మధుమేహములో ఆహారము ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయము కాదనడానికి ఆ 20 కిలోల దేహము కంటె వేరే సాక్ష్యము అవసరము లేదు. ఎవరి మాట వినిగాని మీ పిల్లలకు ఇన్సులిన్ ఆపవద్దు.

మాంసకృత్తులు మాత్రమే చాలవు

1928లో న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ధ్రువప్రాంత అన్వేషకుడు స్టెఫాన్సన్, ఆయన సహచరుడు ఆండర్సన్ ఏడాదిపాటు మాంసము మాత్రమే తిన్నారు. తొలిరోజులలో స్టెఫాన్సన్‌కు కొవ్వు తీసివేసిన మాంసము పెట్టగా వికారము, విరేచనములు పట్టుకున్నాయి. కొవ్వు చేర్చగానే తగ్గాయి. పిండిపదార్థములు, కొవ్వులు రెండింటినీ తీసివేసి మాంసకృత్తులతోనే శక్తి అంతా పొందడము శరీరమునకు సాధ్యము కాదు.

ఈ పాఠము మరచిన ఫలితము అర్ధశతాబ్దము తరువాత కనిపించింది. 1976, 77లలో అమెరికాలో ద్రవరూప మాంసకృత్తుల పథ్యము వెర్రిగా వ్యాపించింది. పశువుల చర్మము, ఎముకలు, కీళ్ళ నుండి తీసిన నాసిరకపు మాంసకృత్తులు రోజుకు కొన్ని వందల కేలరీలుగా త్రాగేవారు. బరువు వేగముగా తగ్గింది. వారిలో సుమారు 60 మంది మరణించారు. ఎందరిలోనో గుండెలయ తప్పడము మరణకారణముగా కనిపించింది. కనుక ద్రవాహారములతో నెలకు ఇన్ని కిలోలు అనే ప్రకటనలు చూచినపుడు జాగ్రత్తపడండి.

నేటి ప్రమాదము: మందులు

మెరిడిత్ కాలములో మందులు లేవు. నేడు ఈ పథ్యము మొదలుపెట్టే మధుమేహరోగి చేతిలో రెండు మూడు రకముల బిళ్ళలు ఉంటాయి. నేటి ప్రమాదములలో ముఖ్యమైనవి అక్కడే ఉన్నాయి.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులను మీరు తినే అన్నమునకు తగినట్లు నిర్ణయిస్తారు. అన్నము సగము చేసి మందు అలాగే ఉంచితే రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. పిండిపదార్థములు తగ్గినపుడు ఇన్సులిన్ తగ్గి, మూత్రపిండములు ఉప్పును, నీటిని ఎక్కువగా విసర్జిస్తాయి. రక్తపోటుకు, ముఖ్యముగా మూత్రము ఎక్కువగా వెళ్ళుటకు మందులు వాడేవారికి లేవగానే కళ్ళు తిరగడము ఇందువలననే.

అన్నింటి కంటె మోసకరమైనది మరొకటి ఉంది. డాపాగ్లిఫ్లొజిన్, ఎంపాగ్లిఫ్లొజిన్ వంటి మందులు చక్కెరను మూత్రములోనికి పంపుతాయి. వీటిని వాడుతూ పిండిపదార్థములు బాగా తగ్గిస్తే శరీరము కొవ్వును అతిగా కరిగించి, కీటోన్ ఆమ్లములతో రక్తము ఆమ్లీకృతము కావచ్చు. ఆ సమయములో రక్తములోని చక్కెర సాధారణముగానో, కొద్దిపాటి హెచ్చుగానో ఉండవచ్చు. అందువలన రోగి, ఒక్కొక్కప్పుడు వైద్యుడు కూడా, ప్రమాదమును గుర్తించరు. 2015లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల విషయములో హెచ్చరిక జారీచేసింది. ఈ మందు వాడేవారికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసము, విపరీతమైన నీరసము కలిగితే, మీటరులో అంకె బాగుందని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి మందు పేరు చెప్పండి, కీటోనులు పరీక్షించమనండి.

మన కంచము సంగతి

స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 609 మందిపై ఏడాదిపాటు జరిపి 2018లో ప్రకటించిన పరిశీలనలో, కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థములు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఇది చెప్పుకోదగిన తేడా కాదు. రెండు పక్షములవారికీ చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు పెంచమనే చెప్పారు. బరువు తగ్గుటకు ఇది ఒక మంచి మార్గము, ఏకైక మార్గము కాదు.

భారతీయుల ఆహారములో సుమారు 62 శాతము కేలరీలు పిండిపదార్థముల నుండి వస్తున్నట్లు 2025లో ప్రచురితమైన జాతీయ స్థాయి పరిశీలన తెలిపింది. కనుక మనలో చాలామందికి తగ్గించవలసిన అవసరము ఉన్నది. సున్నాకు దించవలసిన అవసరము మాత్రము లేదు. వండిన అన్నము ఒక కప్పులో సుమారు 45 గ్రాముల పిండిపదార్థము ఉంటుంది. దినమునకు 130 గ్రాముల లోపు తీసుకుంటే అది తక్కువ పిండిపదార్థముల ఆహారమే అవుతుంది.

మన ఇండ్లలో తరచు జరిగే పొరపాట్లు ఇవి. అన్నము మాని రాగి సంకటి, సజ్జరొట్టె కడుపునిండా తినడము ఒకటి. 100 గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాముల పిండిపదార్థము ఉంటే, రాగులలోను, సజ్జలలోను 60 గ్రాములకు పైగానే ఉంటుంది. వాటిలో పీచు ఎక్కువ, కాని కొలత వాటికీ వర్తిస్తుంది. అన్నము తగ్గించి ఆ స్థానములో ఏమీ పెట్టకపోవడము రెండవది. శాకాహారులు పప్పు, పెరుగు, పనీరు, మాంసాహారులు గ్రుడ్లు, చేపలు పెంచాలి. బీర, సొర, దొండ, వంకాయ, ఆకుకూరలు కంచములో సగము ఉండాలి. నెయ్యి, కొబ్బరినూనె ఎంత త్రాగినా ఫరవాలేదనుకోవడము మూడవది. కొందరిలో చెడు కొలెస్టరాలు బాగా పెరుగుతుంది.

మొదలుపెట్టే ముందు వైద్యుని వద్దకు మీ మందుల చీటీతో వెళ్ళి, ఏ మందు ఎంత తగ్గించాలో అడగండి. రక్తములో చక్కెర మూడు మాసముల సగటు, క్రియాటినిన్, కొలెస్టరాలు పరీక్షలు చేయించుకుని, మూడు మాసముల తరువాత మరల చూపించుకోండి. తొలి వారములలో ఇంటివద్ద చక్కెరను, రక్తపోటును తరచు చూచుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు, మొదటి రకము మధుమేహము ఉన్నవారు సొంతముగా ఈ పథ్యము చేయరాదు. మిగిలినవారు ఒక్కసారిగా కాక, పూటకు ఒక గరిటె అన్నము తగ్గిస్తూ ప్రారంభించండి. పది సంవత్సరములు సాగించగలిగిన మార్పునే ఎంచుకోండి.