పల్లెబడియు తల్లిదండ్రుల చేయూతయు

బడి అనునది ప్రభుత్వము నెలకొల్పిన సంస్థ అనియు, తల్లిదండ్రులు దానికి పిల్లలను పంపువారు మాత్రమే అనియు తలచుట నేడు పరిపాటి అయినది. ఈ తలంపు మిక్కిలి యిటీవలిది. విద్యాశాఖ అను పేరు పుట్టకమునుపే మన దేశమున పల్లెబడి యున్నది. తల్లిదండ్రులు కొలిచి యిచ్చిన గింజలు, నెలనెలా చెల్లించిన చిల్లర నాణెములు, పండుగకు పెట్టిన బట్టలు దానిని నిలిపినవి. కనుక ప్రాథమిక పాఠశాలకు తల్లిదండ్రులు తమంతట తాము తోడ్పడుట నిన్న మొన్న కనిపెట్టిన పద్ధతి కాదు. ఆ తోడ్పాటు నానారూపములలో నేటికిని సాగుచునే యున్నది. గడచిన రెండువందల యేండ్లలో పదే పదే మారినది, తోడ్పడిన వారికి బడిపై గల అధికారము. ఆ మార్పు జరిగిన తీరు తెలిసినగాని నేటి పాఠశాలలో తల్లిదండ్రుల స్థానమేమో తెలియదు.

1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానికి చెందిన జిల్లాలన్నింటను బడుల లెక్క తీయవలసినదని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. ఆ లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826లో ఆయన వ్రాసిన వ్యాఖ్యానమును బట్టి రాజధానిలో 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. సుమారు వేయిమంది జనమునకు ఒక బడి చొప్పున ఉండెనని ఆయన గణించెను. వచ్చిన నివేదికలలో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది మిక్కిలి వివరమైనది. నేటి అనంతపురం ప్రాంతము నాడు బళ్ళారి జిల్లాలోనిదే. 9,27,857 మంది జనముగల ఆ జిల్లాలో 533 బడులు లెక్కకు వచ్చెను. అందులో కన్నడము నేర్పునవి 235, తెలుగు నేర్పునవి 226. మిగిలినవి మరాఠీ, తమిళము, పారసీకము, సంస్కృతము, ఇంగ్లీషు బడులు. ఇన్ని బడులలో ఒక్కదానికైనను సర్కారు ఆసరా లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని ఆ కలెక్టరు దాపరికము లేకుండ ఒప్పుకొనెను.

మరి ఈ బడులు ఎట్లు నడచినవి? బిడ్డకు అయిదవ యేడు రాగానే పంతులును విద్యార్థులను ఇంటికి పిలిచి, గణపతిని పూజించి, పళ్ళెములోని బియ్యముమీద బిడ్డ వ్రేలు పట్టి వ్రాయించి, పంతులుకు తగిన కానుక సమర్పించెడివారు. ఆ దినము మొదలు ఆ ఇంటికిని బడికిని సంబంధము కుదిరినట్లే. పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దెడివారు. చదువులో ముందున్నవారు వెనుకనున్నవారికి చెప్పెడివారు. అతి స్వల్పమైన ఖర్చుతో సాగు ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకొని, ఇంగ్లండులో దీనిని అనుకరించుట సబబే అనెను. పంతులుకు తల్లిదండ్రులనుండి ముట్టునది సాధారణముగా నెలకు ఆరేడు రూపాయలకు మించలేదు. దసరా దినములలో పిల్లలు చేత విల్లంబులు పట్టుకొని పంతులు వెంట ఇల్లిల్లు తిరిగి తెచ్చిన మామూలు ఆయన రాబడిలో ఒక భాగము.

ఉత్తరాదిని కూడ తీరు ఇదియే. 1835 మొదలు 1838 వరకు విలియం ఆడమ్ వంగదేశ బీహారు ప్రాంతముల విద్యను గూర్చి మూడు నివేదికలు సమర్పించెను. అచ్చటి గురువులకు రుసుముతోపాటు, హిందీలో ‘సీధా’ అని పిలుచు స్వయంపాకమును, బట్టలును, పండుగ కానుకలును ముట్టుచుండెనని వానివలన తెలియుచున్నది. గురువు సరిగా చెప్పనియెడల గింజలు ఆగును. చక్కగా చెప్పినయెడల మరియొక ఇంటి బిడ్డ బడికి వచ్చును. ఈ అదుపు ఏ చట్టములోను వ్రాసినది కాదు. పెట్టు చేయి యెవరిదో, అడుగు నోరు వారిదే.

అయితే ఈ పురాతన వ్యవస్థను తలచుకొని మురియుటకు ముందు అదే లెక్కలలోని మరి కొన్ని అంకెలను చూడవలెను. బళ్ళారి బడులలో చదువుచున్నవారు మొత్తము 6,641 మంది. అనగా జిల్లా జనములో సుమారు 140 మందికి ఒకరు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. పంతులుకు పెట్టుటకు గింజలు లేని ఇంటికి బడిలో చోటులేదు. గింజలున్నను అంటరానివారని దూరముగా నుంచిన ఇండ్లకు ఆ వాకిలి సామాన్యముగా తెరచుకొనలేదు. పైగా తల్లిదండ్రుల కలిమిపై నిలచిన బడి వారి లేమితో కూలును. విలాయతి బట్టలు వచ్చి చేతిపనివారి బ్రదుకు చెడినదనియు, అందువలన పూర్వము బడులున్న ఎన్నో గ్రామములలో ఇప్పుడు బడి లేదనియు, పసి చేతులు చిన్నపనికి అక్కరకు రాగానే బిడ్డలను పనిలో పెట్టక తప్పుట లేదనియు కాంప్‌బెల్ వ్రాసెను. తల్లిదండ్రుల చేయూత ఎంత గొప్పదైనను, అదియొక్కటే బడికి పునాది కాజాలదని ఈ సాక్ష్యము చెప్పుచున్నది.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ ప్రభుత్వము రంగమునకు వచ్చెను. వాయవ్య పరగణాలలో లెఫ్టినెంటు గవర్నరు థామసన్ పాలనలో ‘హల్కాబందీ’ బడులు పుట్టెను. హల్కా అనగా వలయము. కొన్ని గ్రామములను ఒక వలయముగా కూర్చి, నడుమనున్న ఊరిలో బడిపెట్టి, భూమిశిస్తుపై నూటికి ఒక రూపాయి చొప్పున భూస్వాములచే ఇప్పించి దానిని నడుపుట ఈ పద్ధతి. 1854 నాటి వుడ్ విద్యాపత్రము స్థానిక నిర్వహణగల బడులకు సహాయ ద్రవ్య మిచ్చుటకు పూనుకొనుచు, ఎంత స్వల్పమైనను విద్యార్థులనుండి రుసుము తీసికొనవలెనని నియమము పెట్టెను. పంతులు చేతిలో పడు గింజలు ఖజానాలో పడు పన్నుగా మారెను. అందువలన బడికి స్థిరత్వము కొంత వచ్చినమాట నిజమే. కాని పంతులు ఇప్పుడు ఇనస్పెక్టరుకు జవాబుదారి, తల్లిదండ్రులు అర్జీదారులు.

పన్ను కట్టినవారి బిడ్డలకు చదువు దక్కెనా అను ప్రశ్నను సూటిగా అడిగినవాడు జోతిరావు ఫూలే. 1848లో పూనాలో బాలికలకు బడిపెట్టిన ఆయన, 1882లో హంటర్ విద్యాసంఘమునకు విజ్ఞాపన సమర్పించుచు, సర్కారు రాబడిలో అధికభాగము రైతు చెమటనుండి వచ్చుచుండగా విద్యాఫలము పైవర్ణములవారికే అందుచున్నదని నిష్ఠురముగా చెప్పెను. కనీసము పండ్రెండేండ్ల వయసు వరకు ప్రాథమిక విద్య నిర్బంధముగా ఉండవలెననియు, ఉపాధ్యాయులు సాధ్యమైనంత వరకు సేద్యము చేయు కులములనుండి రావలెననియు కోరెను. చదువురాని తల్లిదండ్రుల పక్షమున వినవచ్చిన ఈ గొంతులో దానము మాట లేదు. న్యాయమైన పాలు మాట ఉన్నది.

1911 మార్చి 16వ తేదీన గోపాలకృష్ణ గోఖలే కేంద్ర శాసనసభలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టెను. నెలకు పది రూపాయలలోపు రాబడిగల తల్లిదండ్రులు రుసుము కట్టనక్కరలేదని అందులో కలదు. 1912 మార్చి 19వ తేదీన ఆ బిల్లు 13కు 38 వోట్లతో ఓడిపోయెను. దేశమింకను సిద్ధముగా లేదనుట విరోధించినవారి వాదములలో ఒకటి. నాటినుండి పల్లెల తల్లిదండ్రులకు చదువుపై ఆసక్తి లేదను మాట అధికారుల నోట స్థిరపడెను. బడిలో పిల్లలు లేకున్న తప్పు ఇంటిది. పంతులు రాకున్న తప్పు ఎవరిదియు కాదు. చాల కాలమునకు, 1996లో ఉత్తరాది రాష్ట్రములలో ఇల్లిల్లు విచారించి 1999లో ప్రకటించిన ‘ప్రోబ్’ నివేదిక ఈ మాట కల్ల అని తేల్చెను. మగపిల్లలకు చదువు ముఖ్యమని నూటికి 98 మంది, ఆడపిల్లలకు కూడ ముఖ్యమని 89 మంది తల్లిదండ్రులు చెప్పిరి. వారిని బడినుండి దూరము చేసినది విముఖత కాదు. ఉపాధ్యాయుడు లేని బడి, అందని ఖర్చు.

స్వతంత్ర భారతమున తల్లిదండ్రుల చేయూతను ప్రభుత్వము గౌరవముతో పిలిచిన ఘట్టము మద్రాసు రాష్ట్రములో కానవచ్చును. కామరాజు ముఖ్యమంత్రిగాను, నె. దు. సుందరవడివేలు విద్యాశాఖ అధిపతిగాను ఉన్న కాలమది. ఆకలితో బిడ్డ బడికి రాడను గ్రహింపుతో 1956లో సుబ్రహ్మణ్య భారతి జన్మస్థలమైన ఎట్టయపురములో మధ్యాహ్న భోజనము మొదలయ్యెను. మొదట అది ఊరివారు తెచ్చి పోసిన బియ్యము, పప్పు, కట్టెలతో సాగినది. 1957లో ప్రభుత్వము పాలుపంచుకొనెను: భోజనమునకు పది పైసలు లెక్కకట్టి, ఆరు పైసలు సర్కారుదిగాను, నాలుగు పైసలు ఊరివారివిగాను నిర్ణయించిరి. 1958 మొదలు పాఠశాలాభివృద్ధి మహాసభలు జరిగెను. ఏ బడికి ఏమి కొరతయో ముందుగా జాబితా వ్రాసి, ఆ జాబితాను సభలో చదువగా, ఒకరు స్థలము, ఒకరు బల్లలు, ఒకరు నల్లబల్ల, మరియొకరు గోడలకు సున్నము అని ఒప్పుకొనెడివారు. ఏమియు ఈయలేనివారు ఒళ్ళు వంచి పనిచేసిరి.

ఈ ప్రయత్నము నిలచుటకు కారణము, ఊరివారి నాలుగు పైసలు సర్కారు ఆరు పైసలకు బదులు కాక తోడుగా నుండుటయే. అయినను బీద ఊరు నాలుగు పైసలు కూడ కూడబెట్టలేదు; బీద ఊరి బిడ్డకే ఆకలి ఎక్కువ. కావుననే 1982లో రాష్ట్రము దీనిని విస్తరింపజేసి భారము తానే వహించెను. 2001 నవంబరు 28న దేశమంతట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు ఆదేశించెను. తల్లిదండ్రుల వితరణతో మొలకెత్తినది బిడ్డల హక్కుగా పండెను.

ద్రవ్యము, శ్రమ గాక తల్లిదండ్రులు ఇచ్చునది మరియొకటి కలదు. అది ఏ లెక్కలోను చేరదు. పశువుల వెంటనో పత్తిచేలలోనో బిడ్డ తెచ్చు కూలిని వదలుకొనుటయే అది. 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ కృషిలో ఈ సంగతి తేటపడెను. పనిలోనున్న పిల్లలను శిబిరములలో చేర్చి బడికి సిద్ధపరచుచుండగా, కూలి కుటుంబములే నష్టమునకు ఓర్చి బిడ్డలను పంపెను. బళ్ళారి కలెక్టరు 1823లో గుర్తించిన చిక్కును ఆ తల్లిదండ్రులు తామే విప్పిరి. ఒక సంపన్నుడు గది కట్టించిన గోడపై పేరు చెక్కుదురు. బిడ్డ కూలిని వదలుకొన్న తల్లికి అట్టి శిలాఫలకము లేదు.

చేయూతతో పాటు మాటకును చోటు కల్పించిన ప్రయోగము రాజస్థానములో జరిగినది. 1992లో మొదలైన ‘లోక్ జుంబిష్’, అనగా ప్రజా ఉద్యమము, ఊరివారిచేతనే ఊరి పటము గీయించెను. ప్రతి యింటిని గుర్తించి, బడికి పోవు బిడ్డ ఎవరు, పోనిబిడ్డ ఎవరు అని చిహ్నములు పెట్టించెను. బడి ఎక్కడ కావలెనో అధికారి చెప్పుటకు మారుగా పటమే చెప్పెను. ఆ పిమ్మట 1997 జనవరి 1న మధ్యప్రదేశ్ ప్రభుత్వము విద్యా హామీ పథకము ప్రకటించెను. కిలోమీటరులోపల బడిలేని చోట నలుబది మంది పిల్లలకు, గిరిజన ప్రాంతములలో ఇరువది అయిదుగురికి, తల్లిదండ్రులు బడి కోరినయెడల తొంబది దినములలో ప్రభుత్వము గురువును ఈయవలెను. అడుగు హక్కు చేతికి వచ్చినది. కాని గురూజీకి ఇచ్చిన గౌరవ వేతనము తొలుత అయిదువందల రూపాయలే. చోటు చూపవలసినది ఊరివారే. పేదల బడి చవుకబడి కావలెనా అను విమర్శ న్యాయముగానే వచ్చినది.

చట్టములు తరువాత వచ్చెను. ఆంధ్రప్రదేశ్ 1998లో పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యమునకు ప్రత్యేక శాసనము చేసి, తల్లిదండ్రుల కమిటీలను ఏర్పరచెను. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని ఉండవలెను; సగము మంది స్త్రీలు కావలెను; బలహీనవర్గముల తల్లిదండ్రులకు తగిన పాలు ఉండవలెను. బడి పనిని కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళిక సిద్ధపరచుట, వచ్చిన ధనము ఖర్చు తీరు చూచుట వారి విధులు.

అరువది మంది బాలికలు మాత్రమే చదివిన 1823 నాటి జిల్లానుండి ఈ విభాగము వరకు నడచిన దూరము తక్కువ కాదు. అయినను కూలికి పోవు తల్లికి పగటిపూట సమావేశము ఒకదినపు కూలి నష్టము. అక్షరము రాని తండ్రి ముందు ఖర్చుల పుస్తకము తెరచినంత మాత్రమున లెక్క చూపినట్లు కాదు, చదివి వినిపించవలెను. వ్రేలిముద్ర కొరకు పిలుచు సంఘము ఒకటి, మాట వినుటకు పిలుచు సంఘము వేరొకటి.

పూర్వపు పల్లెబడిలో తల్లిదండ్రుల మాటకు విలువ యుండెను; గింజలున్నవారి మాటకే ఉండెను. సర్కారు బడిలో వాకిలి అందరికి తెరచిరి. మాటకు విలువ తగ్గెను. గింజలు ఈయలేని యింటి తల్లికిని బడిలో మాట దక్కవలెనని నేటి చట్టము సంకల్పించినది. ఆ సంకల్పము నెరవేరినచో, ఈయగలవారు ఇచ్చుచునే యుందురు, ఈ దేశమున ఎన్నడును ఇచ్చుట మానలేదు. కాని ఏమియు ఈయకయే ఒక తల్లి లేచి, పంతులు నిన్న ఏల రాలేదని నిర్భయముగా అడుగగలుగు దినమున, బడి ఊరిదైనదని చెప్పవచ్చును.