రాగిరేకుపై తెలుగునాటి మొక్కలు

గోదావరిఖని, రామగుండం ప్రాంతాలవారికి తునికి చెట్టు కొత్తది కాదు. దాని ఆకుతో బీడీలు చుట్టుతారు. పండు తినడానికి తియ్యగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని డయోస్పైరస్ మెలనోజైలాన్ అంటారు. మెలనోజైలాన్ అనగా నల్లని కొయ్య. ఈ పేరు 1795లో లండనులో ఒక చిత్రపటంతోబాటు వెలువడినది. ఆ పటం ఇద్దరి చేతిపని. గీసినవాడు తెలుగుదేశంలో ఉన్నాడు. చెక్కినవాడు ఇంగ్లండులో ఉన్నాడు.

ఛాయాచిత్రాలు లేని ఆ కాలంలో గ్రంథాలలో సున్నితమైన బొమ్మలను అచ్చువేయడానికి రాగిరేకులు వాడేవారు. రేకుపై సన్నని ఉలితో గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, పైభాగాన్ని తుడిచివేసేవారు. తడిపిన కాగితాన్ని రేకుపై పరచి రెండు రోలర్ల మధ్య నొక్కితే గీతలలోని సిరా కాగితానికి అంటుకొనును.

దీనికి భిన్నమైన మరొక పద్ధతి మెజోటింట్. ఇందులో పళ్ళున్న పనిముట్టుతో రేకునంతటినీ ముందుగా గరుకు చేస్తారు. ఆ స్థితిలో అచ్చు వేస్తే కాగితమంతా నలుపే. గరుకును గీకి నునుపు చేసినకొద్దీ వెలుగు తేలుతుంది. లుడ్విగ్ ఫాన్ సీగెన్ 1642లో ఈ పద్ధతిలో మొదటి బొమ్మ చేసినాడు. ఇంగ్లండులో విలియం షెర్విన్ 1669లో రెండవ చార్లెస్ రాజు రూపాన్ని ఇట్లే చెక్కినాడు. 1728లో ప్రారంభమైన జాన్ మార్టిన్ వృక్షశాస్త్ర గ్రంథానికి ఎలైషా కిర్‌కాల్ మెజోటింట్ పద్ధతిలో రంగుల పటాలు తయారుచేసినాడు.

అయితే మొక్కల విషయంలో గీతలే నిలిచినవి. కారణం సులభంగానే గ్రహించవచ్చును. మెత్తని నీడలు మనిషి ముఖానికి అందమిస్తాయి. కాని లిన్నేయస్ వర్గీకరణలో పువ్వులోని కేసరాలను లెక్కపెట్టాలి. ఆకు ఈనెలు, నూగు స్పష్టంగా కనబడాలి. అదిగాక మెజోటింట్ రేకు త్వరగా అరిగిపోతుంది.

స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరినాడు. 1781 నుండి గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించినాడు. ఎండబెట్టిన మొక్క రంగు కోల్పోతుంది. మన ఉక్కకు, పురుగులకు పాడవుతుంది. అందుచేత ఆయన స్థానిక చిత్రకారులను నియమించి పచ్చిమొక్కలను చూచి బొమ్మలు గీయించినాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళిన తరువాత కూడ ఈ పని సాగించినాడు. మొత్తం చిత్రాలు 2,500కు మించినవి.

ఓడలలో లండను చేరిన చిత్రాలలో 300 సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథంగా మూడు సంపుటాలలో వెలువడినవి. పటాలు చెక్కినవారిలో ముఖ్యుడు డేనియల్ మెకెంజీ. కెప్టెన్ కుక్ మొదటి యాత్రలో సేకరించిన మొక్కల పటాలను కూడ అంతకుముందే బ్యాంక్స్ కోసం చెక్కిన నిపుణుడాయన. అచ్చయిన పటాలకు చేతితో రంగులు వేసేవారు. 1815లో రాక్స్‌బర్గ్ మరణించిన తరువాతగాని మూడవ సంపుటం పూర్తి కాలేదు.

ఈ గ్రంథంలో తెలుగు పేర్లు కూడ రోమను లిపిలో ఉన్నవి. జ్వరానికి వాడే సోమిద చెట్టు ఇందులో ఒకటి. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అని నామకరణం చేసినాడు. అట్లు ఒక తెలుగు మాట ప్రపంచ శాస్త్రభాషలో చేరినది.

మాట చేరినది గాని మనిషి చేరలేదు. పటం అడుగున చెక్కినవాని పేరు ఉంటుంది. మొక్కను ఎదుట పెట్టుకొని గీసిన తెలుగు చిత్రకారుని పేరు లేదు. రాక్స్‌బర్గ్ పెట్టిన కొన్ని పేర్లకు ఎండుమొక్క నమూనా నేడు దొరకదు. ఆ పేరు ఏ మొక్కదో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు ఈ చిత్రాలే ప్రమాణం. పేరు లేని ఆ చేతి నమ్మకంపైనే అంతర్జాతీయ నామకరణం ఆధారపడి ఉన్నదన్నమాట.

ఈ గ్రంథాన్ని నేడు అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చును. విద్యార్థులు ఒక తునికి కొమ్మను తెచ్చి 46వ పటంతో పోల్చి చూచినచో, రెండు శతాబ్దాలకు పూర్వం ఆ చిత్రకారుడు ఎంత శ్రద్ధగా చూచినాడో వారికే తెలియగలదు.