పుచెరైట్

పుచెరైట్ అరుదైన బిస్మత్ వెనడేట్ ఖనిజం. ఒక్కో బిస్మత్ పరమాణువుకు ఒక వెనేడియం, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. బరువులో 64 శాతానికి పైగా బిస్మతే. అందుకే చిన్న స్ఫటికం కూడా చేతికి బరువుగా తోస్తుంది. దీని సాంద్రత నీటికి ఆరు రెట్లు దాటుతుంది. కాఠిన్యం 4 మాత్రమే. రంగు ఎర్రటి గోధుమ నుంచి నలుపు ఛాయ దాకా మారినా, గీటు పసుపే.

జర్మనీలోని సాక్సనీ ప్రాంతం, ష్నీబెర్గ్‌లోని పుచెర్ గనిబావిలో దొరికిన నమూనాల ఆధారంగా ఆగస్ట్ ఫ్రెంజెల్ 1871లో దీన్ని వర్ణించాడు. బిస్మత్ ధాతువులున్న సిరల్లోకి గాలి, నీరు చొరబడిన పై పొరల్లో ఇది ఏర్పడుతుంది.  

దీనిలో ఆసక్తికరమైనది రసాయనం కాదు, అమరిక. ఇదే సంఘటనంతో ప్రకృతిలో మరో రెండు ఖనిజాలున్నాయి: పశ్చిమ ఆస్ట్రేలియాలో దొరికి 1974లో వెలుగులోకి వచ్చిన క్లినోబిస్వనైట్, జర్మనీకే చెందిన డ్రెయరైట్. పుచెరైట్ స్ఫటికాలు ఆర్థోరాంబిక్, క్లినోబిస్వనైట్‌వి మోనోక్లినిక్, డ్రెయరైట్‌వి టెట్రాగోనల్. పరమాణువులు సర్దుకున్న తీరు మారితే గుణాలూ మారతాయి.

కర్మాగారాల్లో తయారయ్యే బిస్మత్ వెనడేట్ సీసం, కాడ్మియం రంగుల స్థానంలో వాడే మేలైన పసుపు వర్ణకం. దాని మోనోక్లినిక్ రూపం సూర్యకాంతితో నీటి నుంచి ఆక్సిజన్‌ను విడగొట్టగలదు. హైడ్రోజన్ ఇంధన పరిశోధనలో దానిపై విస్తృతంగా పని జరుగుతోంది.