కళాయి సాయిబు నుంచి సర్వీస్ సెంటర్ దాకా

పాడైన వస్తువును మళ్ళీ పనికొచ్చేలా చేయడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా గమనించారా? బాగుచేయడం మన సొంత మాట. మరమ్మతు అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా మనదాకా వచ్చింది. రిపేరు ఇంగ్లీషు వాళ్ళ వెంట వచ్చింది. పని చేసే మేస్త్రీ పేరేమో పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. మాటలు మారినట్టే ఇంట్లో వస్తువులూ మారాయి, వాటిని బాగుచేసే మనుషులూ మారారు.

రాజుల చరిత్రలాగా ఈ చరిత్రను ఎవరూ వరసగా రాసిపెట్టలేదు. కానీ ఇవాళ ఫ్రిజ్ ఆగిపోతే ఎవర్ని పిలవాలి, ఎంత ఇవ్వాలి, వచ్చినతను చెప్పింది నమ్మాలా వద్దా అని మనం పడే తికమకకు మూలం అందులోనే ఉంది. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

అరుగు ముందు జరిగిన పని

స్టీలు గిన్నెలు రాకముందు మన వంటిళ్ళలో ఇత్తడి, రాగి పాత్రలే ఎక్కువ. వాటిలో చింతపండు పులుసో, మజ్జిగో నిలవ ఉంటే చిలుము పడుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అందుకని లోపల తగరం పూత వేయించేవారు. అదే కళాయి. ఈ మాట కూడా అరబ్బీ, పారశీకాల నుంచే వచ్చింది, తగరం అనే అర్థంలో.

కళాయి వేసే పనిలో ముస్లింలు ఎక్కువగా ఉండేవారు కాబట్టి మా ఊళ్ళో కళాయి సాయిబు అనేవాళ్ళు. ఆయన వీధి మొదట్లో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊదేవాడు. గిన్నె ఎర్రగా కాలాక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. తగరం ముక్క తాకించి, గుడ్డతో గిరగిరా తిప్పి రుద్దితే నల్లటి గిన్నె వెండిలా మెరిసేది. పిల్లలందరం చుట్టూ గొంతుక్కూర్చుని చూసేవాళ్ళం. రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు కొట్టే ఆడవాళ్ళూ అంతే. ఉలి, సుత్తి పట్టుకుని వచ్చి మన గుమ్మంలోనే కూర్చుని కొట్టేవారు.

ఆ ఏర్పాటులో నాలుగు సంగతులున్నాయి. పని మన కళ్ళెదుట జరిగేది. గిన్నెకింత, రోలుకింత అని ధర ముందే తేలేది. మన వస్తువు మన గుమ్మం దాటి పోయేది కాదు. ఆ మనిషి మళ్ళీ ఆరు నెలలకో ఏడాదికో అదే వీధికి రావాలి. కళాయి నెలలోపే ఊడిపోతే, వీధిలోని ఆడవాళ్ళందరూ కలిసి ఆయన్ని నిలదీసేవారు. ఆ రోజుల్లో అదే వారంటీ.

అలాగని అంతా సత్యకాలమని చెప్పను. తగరం ఖరీదు, సీసం చవక. తగరంలో సీసం కలిపినా గిన్నె మెరుస్తుంది, ఆ సీసం మెల్లగా తిండిలోకి దిగుతుంది. నకిలీ విడిభాగాల బెడద కంప్యూటర్ బోర్డులతో పుట్టింది కాదన్నమాట. అందుకే మా అమ్మమ్మలాంటి వాళ్ళు తగరం తామే కొని తెచ్చి, దీంతోనే వెయ్యమనేవారు.

మూత బిగించిన పెట్టెలు

రేడియోతో పరిస్థితి మారింది. అది పాడైతే లోపల ఏముందో మనకు తెలియదు. కొట్టుకు తీసుకెళ్ళి ఇచ్చి రావాలి. బాగుచేసే మనిషికి మాత్రమే తెలిసిన విద్య ఇంట్లోకి రావడం అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె, మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

వీటిలో మిక్సీ కథ మన ఆడవాళ్ళందరూ తెలుసుకోవాల్సినది. ముంబయిలో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర జర్మనీ కంపెనీ బ్రౌన్ మిక్సర్ ఉండేది. అది కాలిపోయింది. బాగుచేయించుకుందామంటే ఇక్కడ దానికి సర్వీసు లేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజనీరు. బాగుచేసేవాళ్ళు లేకపోతే మీరే ఒకటి తయారుచెయ్యండి అందావిడ. అసలు ఆ విదేశీ యంత్రం మన వంటకు సరిపోయేదీ కాదు. నానబెట్టిన మినప్పప్పు, ఎండుకొబ్బరి, పసుపుకొమ్ము నలగాలంటే గట్టి మోటారు కావాలి. ఆయన అలాంటిది రూపొందించాడు. 1963లో కంపెనీ పెట్టారు. అదే సుమీత్ మిక్సీ. కొన్నేళ్ళకు చాలా ఇళ్ళలో మిక్సీ అంటే సుమీతే అన్నంతగా పాకింది. ఒక ఇల్లాలికి రిపేరు దొరక్కపోవడం వల్ల మన దేశపు మిక్సీ పుట్టిందని చెప్పుకోవచ్చు.

ఆ గట్టి మోటార్లతో పాటే ఒక రక్షణ ఏర్పాటూ మిక్సీల్లోకి వచ్చింది. చాలా మిక్సీల అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. బరువు ఎక్కువై మోటారు వేడెక్కితే కరెంటు ఆపేస్తుంది. మిక్సీ హఠాత్తుగా ఆగిపోతే ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, జార్‌లో సరుకు తగ్గించి, ఆ బటన్ నొక్కి చూడండి. తిరిగితే మెకానిక్‌తో పనే లేదు.

గ్యాస్ అయిపోయిందమ్మా

ఫ్రిజ్‌ల చరిత్రలో మన హైదరాబాదుకు చోటుంది. నిజాం కాలంలో, 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ సనత్‌నగర్‌లో బీరువాలు, బస్సుల బాడీలు, తర్వాత ఫ్రిజ్‌లు, వాచీలు తయారుచేసింది. 1990ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసిపోయింది. ఇప్పటికీ కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ అనే పేరు మిగిలింది. ఆల్విన్, గోద్రెజ్ ఫ్రిజ్‌లు ఇరవై, ముప్పై ఏళ్ళు నడిచిన ఇళ్ళు నాకు తెలుసు.

ఫ్రిజ్ రిపేరులో మనం తరచుగా వినే మాట ‘గ్యాస్ అయిపోయిందమ్మా’ అన్నది. మనకు గ్యాస్ అంటే వంటగ్యాస్ సిలిండర్ గుర్తొస్తుంది. వాడితే అయిపోవాలి కదా అనుకుని తలూపుతాం. ఫ్రిజ్‌లో గ్యాస్ అలా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది, లోపలి వేడిని మోసుకెళ్ళి వెనక వదులుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు కనిపెట్టి అతకకుండా గ్యాస్ మాత్రం నింపితే కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికొస్తుంది. ఏసీకీ ఇదే లెక్క. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘బాబూ, లీకు ఎక్కడుంది? చూపిస్తావా?’

రెండో ప్రశ్న ఏ గ్యాస్ అని. దీని వెనకా చరిత్ర ఉంది. తొలినాటి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వాడారు. అమెరికాలో అవి కారి మనుషులు చనిపోయారు. 1930 ప్రాంతంలో ఫ్రియాన్ వచ్చింది. విషం కాదు, మండదు. అంతా బాగుందనుకున్నారు. తర్వాత అది ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తోందని తేలింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశమూ అందులో చేరింది. ఆపైన వేరే గ్యాస్‌లు వచ్చాయి. ఇప్పుడు ఇళ్ళలోని కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఆర్‌-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఇది ఓజోన్‌కు హాని చేయదు. కానీ మన వంటగ్యాస్‌కు దగ్గర చుట్టం, మండుతుంది.

ఫ్రిజ్‌లో పట్టేది కొన్ని పదుల గ్రాములే అయినా, గొట్టాలు అతకడానికి నిప్పు వెలిగించే పని కాబట్టి జాగ్రత్త ఉండాలి. ఫ్రిజ్ వెనకాలో, లోపలో, కంప్రెసర్ మీదో ఉన్న స్టిక్కర్‌పై గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. అదే గ్యాస్ అంతే తూకంతో ఎక్కించాలి. తూకం మిషన్ లేకుండా చేతి అంచనాతో ఎక్కిస్తానంటే వద్దనండి. కిటికీలు తెరవండి, పొయ్యి ఆర్పండి, దేవుడి దగ్గర దీపం ఉంటే కొండెక్కించండి. మైక్రోవేవ్ సంగతైతే ఇంకా జాగ్రత్త. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన కరెంటు నిలిచి ఉండొచ్చు. తెలిసిన మెకానిక్ తప్ప ఇంకెవరూ, ఇంట్లో మగపిల్లలు సరదాపడినా సరే, దాన్ని విప్పకూడదు.

సార్ లేరా మేడం?

వీధిలోకి వచ్చిన కళాయి సాయిబు ఇంటి మగవాళ్ళ కోసం వెతకలేదు. గిన్నె ఎవరిదో, ఏ గిన్నెలో పులుసు కాస్తారో చెప్పేది ఇల్లాలే. పెట్టెలు మూత బిగించుకున్నాక ఆ పెద్దరికం మన చేతిలోంచి జారింది. ‘సార్ లేరా మేడం? సార్‌తో మాట్లాడి చెప్తాను’ అనే మాట మీరూ వినే ఉంటారు. ఆ సార్ వాషింగ్ మెషీన్ ఆన్ చేసి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు! ఏ రోజునుంచి చప్పుడు మారింది, నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, కాలిన వాసన వచ్చిందా అన్నది తెలిసింది మనకే. అవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుని చెబితే, వచ్చిన మనిషికి పని సులువవుతుంది, మనకూ మాట నిలుస్తుంది.

చట్టం వచ్చిన రోజు

వీధి ఆడవాళ్ళు కలిసి నిలదీసే రోజులు పోయాయి. అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉన్న ఇల్లాలు, ఎక్కడో ఉన్న కంపెనీ. ఆ లోటు తీర్చడానికి 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని చేసిన పని సరిగా లేకపోతే అది సేవాలోపం అని ఆ చట్టం చెప్పింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. అందులో మనకు పనికొచ్చేవి కొన్ని చెప్తాను.

బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఫిర్యాదు మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఐదు లక్షల లోపు విలువైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. సగం గొడవలు అంతదాకా పోకుండానే తీరతాయి, మన చేతిలో బిల్లు ఉంటే.

2022లో కేంద్ర ప్రభుత్వం ‘రైట్ టు రిపేర్’ మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెచ్చింది. కంపెనీలు తమ వస్తువుల మాన్యువల్, సర్వీసు, విడిభాగాల వివరాలు అక్కడ పెట్టాలని ఉద్దేశం. కొన్నవస్తువును బాగుచేయించుకోవడం మన హక్కు అని చెప్పాల్సిన రోజులొచ్చాయంటే, మూతలు ఎంత గట్టిగా బిగుసుకున్నాయో చూడండి.

పాత నాలుగు సంగతులు, కొత్త రూపంలో

ఇవాళ మెకానిక్‌ను పిలిచేటప్పుడు కళాయి సాయిబు నాటి నాలుగు సంగతులనే నేను గుర్తుపెట్టుకుంటాను.

మనిషి తెలిసినవాడై ఉండాలి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి. అక్కడ దొంగ నంబర్లు తిరుగుతున్నాయి. వారంటీ కార్డు మీదో, వస్తువు మీదో ఉన్న నంబరే వాడండి. ముందుగా పది రూపాయలు పంపమన్నా, లింకు నొక్కమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. వారంటీ ముగిసిన వస్తువైతే మీ పేటలో ఏళ్ళ తరబడి కొట్టు నడుపుతున్న మనిషే మేలు. రేపు ఆయన అదే వీధిలో తలెత్తుకు తిరగాలి.

ధర ముందే తేలాలి. విజిటింగ్ చార్జీ ఎంత, పని చేయిస్తే అది బిల్లులో కలుస్తుందా అని ఫోన్‌లోనే అడగండి. ఆ చార్జీ అన్యాయమని నేననను. కళాయి సాయిబు ఒకసారి వస్తే వీధంతా పని దొరికేది, ఇతను మనొక్కరి కోసం పెట్రోలు పోసుకుని వస్తున్నాడు. జబ్బు కనిపెట్టడమూ పనే.

పని కళ్ళెదుట జరగాలి. కొట్టుకు తీసుకెళ్ళక తప్పకపోతే మోడల్, సీరియల్ నంబర్లు ఫోటో తీసి, రసీదు మీద రాయించుకోండి.

పాత భాగం మన చేతికి రావాలి. వారంటీలోనో, వార్షిక కాంట్రాక్టులోనో మార్చితే కంపెనీ తీసుకెళ్తుంది. మనం పూర్తి డబ్బు కడితే మాత్రం పాత బోర్డు, పాత మోటారు అడిగి ఉంచుకోండి. కొత్తదాని అట్టపెట్టె, దాని మీద పేరు చూడండి. ఏ భాగం మార్చారో, ఎన్నాళ్ళ హామీనో బిల్లులో రాయించండి.

ఎండలో వచ్చిన మనిషికి ముందు చల్లటి మంచినీళ్ళివ్వండి. ఆ తర్వాత పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఏం చేస్తున్నారో అడుగుతూ ఉండండి. పనితనం ఉన్నవాళ్ళు చెప్పడానికి ఇష్టపడతారు.