వేధింపులకు గురైన బాలల భవితవ్యంపై సుదీర్ఘ పరిశోధన: ఆచార్య క్యాథీ స్పాట్జ్ విడొమ్ కృషి

ప్రత్యేక వ్యాసం

చిన్ననాట దెబ్బలు తిన్నవాడు పెద్దయ్యాక చేయి చేసుకుంటాడని, లైంగిక వేధింపులకు గురైన బాలుడు రేపు అటువంటి నేరమే చేస్తాడని లోకంలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయి ఉంది. పోలీస్ ఠాణాలోను, పాఠశాలలోను, ఆఖరుకు సొంత ఇంటిలోను ఈ నమ్మకం ఆ బిడ్డను వెంటాడుతూ ఉంటుంది. ఇందులో నిజమెంతో తేల్చేందుకు తన వృత్తి జీవితంలో అధిక భాగాన్ని వెచ్చించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆచార్య క్యాథీ స్పాట్జ్ విడొమ్. బాలలపై హింస, లైంగిక దౌర్జన్యాల నివారణకు విధానాలు రూపొందించే వారందరికీ ఆమె పరిశోధనలు ఆధారంగా నిలుస్తున్నాయి.

బ్రాండైస్ విశ్వవిద్యాలయం నుంచి మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన విడొమ్ తొలినాళ్లలో ఎంచుకున్న అంశం వేరు. మనస్సాక్షి బాధ లేకుండా ఇతరులను మాటలతో లోబరచుకునే వ్యక్తులపై అప్పటి వరకు జరిగిన పరిశోధనలలో అధిక భాగం జైలు గోడల మధ్యనే సాగాయి. పట్టుబడని వారి మాటేమిటని ప్రశ్నించుకున్న ఆమె బోస్టన్ నగరంలోని ఒక పత్రికలో, అటువంటి లక్షణాలు గల వారు తనను సంప్రదించవలసిందిగా ఏకంగా ప్రకటనే ఇచ్చారు! ఆ అధ్యయనం 1977లో వెలువడింది. శిక్షపడిన వారిని మాత్రమే చూసి యావత్ సమాజంపై తీర్పు చెప్పరాదన్న సూత్రం ఆమె తదుపరి కృషికంతటికీ పునాది అయింది. హార్వర్డ్, ఇండియానా, ఆల్బనీ విశ్వవిద్యాలయాలలోను, న్యూజెర్సీ వైద్య కళాశాలలోను బోధించిన అనంతరం ఆమె న్యూయార్క్ నగరంలోని జాన్ జే నేర న్యాయ కళాశాలలో ఆచార్యులుగా చేరారు.

హింస హింసను కంటుందన్న వాదానికి గల ఆధారాలను 1989లో ఆమె ఒక సుదీర్ఘ సమీక్షలో పరిశీలించారు. అధ్యయనాలు అనేకం ఉన్నా వాటిలో చాలావరకు ఖైదీలను, చికిత్స పొందుతున్న వారిని ప్రశ్నించి, బాల్యంలో ఏం జరిగిందో వారి జ్ఞాపకం నుంచి రాబట్టినవే. బాధలు పడి కూడా ఏ నేరమూ చేయకుండా బతుకుతున్న వారు ఆ లెక్కలలోకి రానే రారు. పోల్చి చూసేందుకు సాధారణ బాల్యం గడిపిన వారి బృందం కూడా అనేక అధ్యయనాలలో లేదు.

ఈ లోపాన్ని సరిచేసేందుకు విడొమ్ ముందు నుంచి వెనుకకు కాక, వెనుక నుంచి ముందుకు కాలాన్ని అనుసరించే పద్ధతిని ఎంచుకున్నారు. అనగా పెద్దవారిని పట్టుకొని బాల్యం గురించి అడుగకుండా, బాల్యంలో నమోదైన కేసును పట్టుకొని ఆ బిడ్డ పెద్దయ్యే వరకు వెంట నడిచారు. మధ్య పశ్చిమ అమెరికాలోని ఒక మహానగర ప్రాంతంలో 1967 నుంచి 1971 వరకు న్యాయస్థానాలలో ధ్రువపడిన కేసుల నుంచి, అప్పటికి 11 సంవత్సరాలు మించని 908 మంది బాలలను ఎంపిక చేశారు. వీరిలో శారీరక హింసకు గురైన వారు, లైంగిక వేధింపులకు గురైన వారు, తిండి, బట్ట, వైద్యం, ఆలనాపాలన కరువై నిరాదరణకు గురైన వారు ఉన్నారు.

పోలిక బృందాన్ని కూర్చిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. బడి ఈడు రాని పిల్లల విషయంలో అదే ప్రాంతపు ఆసుపత్రులలో, వారం రోజుల అటు ఇటుగా పుట్టిన, అదే లింగానికి, అదే జాతికి చెందిన శిశువును జనన రికార్డుల నుంచి వెదికారు. బడికి వెళ్లే పిల్లల విషయంలో అదే పాఠశాలలో, అదే తరగతిలో చదివి, దాపునే నివసించిన సహాధ్యాయిని ఎంచుకున్నారు. ఈ విధంగా 667 మందితో పోలిక బృందం సిద్ధమైంది. పేదరికం వల్ల కలిగే ఫలితాన్ని హింస వల్ల కలిగిన ఫలితంగా పొరబడకుండా ఉండేందుకే ఇంతటి శ్రమ. కంప్యూటర్లు అంతగా అందుబాటులో లేని కాలపు రికార్డులను ఒక్కొక్కటిగా తిరగవేయడం ఎంతటి ఓపికతో కూడిన పనో కార్యాలయాలలో పాత దస్త్రాలు వెదికిన వారికి వేరే చెప్పనవసరం లేదు.

తొలి ఫలితాలు 1989లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. హింసకు, నిరాదరణకు గురైన వారిలో 26 శాతం మంది బాల్య దశలోనే అరెస్టు కాగా, పోలిక బృందంలో అది దాదాపు 17 శాతం. పెద్దయ్యాక అరెస్టయిన వారు 29 శాతం కాగా, పోలిక బృందంలో 21 శాతం. హింసాత్మక నేరాలలో ఈ సంఖ్యలు వరుసగా 11, 8 శాతం. తేడా ఉన్న మాట వాస్తవం. అయితే బాధిత బాలలలో మూడింట రెండు వంతులకు పైగా పెద్దయ్యాక ఒక్క అరెస్టూ లేనివారేనన్నది కూడా అంతే వాస్తవం. పత్రికలు మొదటి సగాన్ని పతాక శీర్షికలకెక్కించడం, రెండవ సగం లోపలి పేజీలకు పోవడం అన్ని దేశాలలోను జరిగేదే.

నిరాదరణకు సంబంధించిన అంశం మరింత గమనార్హం. శారీరక హింసకు గురైన వారిలో దాదాపు 16 శాతం మంది హింసాత్మక నేరాలలో అరెస్టు కాగా, కేవలం నిరాదరణకు గురైన వారిలోనూ 12.5 శాతం మంది అరెస్టయ్యారు. ఒంటిపై దెబ్బ కనిపించని బిడ్డను వదిలివేయడం ఎంతటి పొరపాటో ఈ సంఖ్య తెలుపుతోంది.

లైంగిక వేధింపుల విషయంలో ఆమె వెల్లడించిన అంశాలు ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి భిన్నమైనవి. ఇతర రకాల హింసకు గురైన బాలలతో పోలిస్తే, లైంగిక వేధింపులకు గురైన వారు పెద్దయ్యాక లైంగిక నేరాలలో అరెస్టయ్యే అవకాశం అధికంగా లేదని 1990లలోనే తేలింది. 2015లో మరింత సుదీర్ఘ కాలపు రికార్డులతో మరల పరిశీలించినప్పుడు, శారీరక హింసకు, నిరాదరణకు గురైన వారిలో లైంగిక నేరాల అరెస్టులు పోలిక బృందం కంటే రెట్టింపుగా కనిపించాయి. లైంగిక వేధింపుల బాధితులలో మాత్రం ఆ సంబంధం గణాంక శాస్త్ర రీత్యా నిర్ధారణ కాలేదు. ఆ వర్గంలోని వారి సంఖ్య తక్కువని, వారిలో అత్యధికులు బాలికలేనని గుర్తుంచుకుంటూనే, బాధిత బాలలు ప్రత్యేకించి నేరస్తులవుతారన్న నమ్మకానికి ఆధారం లేదని పరిశోధకులు స్పష్టం చేశారు.

ఆ బాలలకు నష్టం జరగలేదని దీని భావం కాదు. 1989, 1995 సంవత్సరాల మధ్య ఉభయ బృందాలలోని 1,196 మందిని స్వయంగా కలిసి మాట్లాడారు. లైంగిక వేధింపుల బాధితులలో 37.5 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో ఆఘాతానంతర మానసిక రుగ్మతకు లోనైనట్లు 1999లో ప్రకటించారు. పోలిక బృందంలోనూ అది 20 శాతం ఉంది. మధ్య వయస్సు వచ్చేనాటికి బాధితులకు ఉద్యోగం ఉండే అవకాశం ఇతరుల కంటే 14 శాతం తక్కువగా ఉన్నట్లు ఆర్థికవేత్త జానెట్ కరీతో కలిసి 2010లో వెల్లడించారు. నష్టం నేరంగా పైకి కనిపించకపోయినా చదువులోను, సంపాదనలోను, నిద్రలోను కొనసాగుతూనే ఉంటుంది.

ఇంటర్వ్యూలలో మరొక విశేషం బయటపడింది. చిన్ననాట లైంగిక వేధింపులకు గురైనట్లు న్యాయస్థానపు రికార్డు ఉన్న మహిళలలో 64 శాతం మంది దానిని వేధింపుగా పరిగణించగా, పురుషులలో అలా పరిగణించిన వారు 16 శాతం మాత్రమే. మగపిల్లలకు ఇటువంటివి జరగవన్న భావన మన ఇళ్లలోనూ తక్కువేమీ కాదు. 2020లో మానసిక వైద్య పరిశోధకుడు ఆంద్రియా డనేసేతో కలిసి చేసిన విశ్లేషణలో, రికార్డు ఉన్నదా లేదా అన్నదాని కంటే ఆ వ్యక్తి తన గతాన్ని ఏ విధంగా గుర్తుంచుకొని చెప్పుకుంటున్నారన్నదే మానసిక రుగ్మతలతో గట్టి సంబంధం కలిగి ఉన్నట్లు తేలింది. బిడ్డ చెప్పుకునేదాన్ని వినే మనిషి అవసరం దీనివల్ల మరింత స్పష్టమవుతోంది.

ఒక తరం హింస మరొక తరానికి సంక్రమిస్తుందా అన్న ప్రశ్నకు 2015లో సైన్స్ పత్రికలోనే ఆమె బృందం సమాధానం వెదికింది. ప్రభుత్వ శిశు రక్షణ విభాగాల రికార్డులను, తల్లిదండ్రుల మాటలను, వారి పిల్లల మాటలను వేర్వేరుగా సేకరించారు. శారీరక హింస సంక్రమిస్తున్నట్లు బలమైన ఆధారం లభించలేదు. నిరాదరణ, లైంగిక వేధింపులు మాత్రం బాధితుల సంతానంలో అధికంగా కనిపించాయి (ఆ వేధింపులు తల్లిదండ్రులే చేశారని అర్థం కాదు). గతంలో బాధితులుగా నమోదైన తల్లిదండ్రులపైనే అధికారుల దృష్టి ఎక్కువగా ఉంటున్నదని, అందువల్ల వారిపై ఫిర్యాదులు త్వరగా నమోదవుతున్నాయని కూడా వెల్లడైంది. రక్షణ యంత్రాంగంలో పనిచేసే వారు ఆత్మపరిశీలన చేసుకోవలసిన అంశమిది.

ఈ అధ్యయనానికి పరిమితులు లేకపోలేదు. న్యాయస్థానం వరకు వచ్చిన కేసులు అధికంగా పేద కుటుంబాలవి. సంపన్నుల ఇళ్లలోని హింస అక్కడ చేరలేదు. విడొమ్ ఈ సంగతిని దాచలేదు. 2016లో ట్రావిస్ హిర్షి, పెర్-ఒలోఫ్ విక్‌స్ట్రోమ్‌లతో కలిసి ఆమె ప్రతిష్ఠాత్మక స్టాక్‌హోమ్ నేరశాస్త్ర బహుమతిని అందుకున్నారు.

మన దేశంలో 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలలను ప్రశ్నించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నట్లు 53.22 శాతం మంది తెలిపారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వేధింపులు అధికంగా నమోదైన రాష్ట్రాలలో ఒకటి. అత్యధికులు ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేదు. ఎందరికి జరిగిందన్నది ఈ అధ్యయనం చెబితే, ఆ తరువాత ఏమవుతుందన్నది విడొమ్ అధ్యయనం చెబుతుంది.

2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం (పోక్సో) బాలురకు, బాలికలకు సమానంగా వర్తిస్తుంది. నేరం జరిగినట్లు తెలిసిన వ్యక్తి ఆ సమాచారాన్ని పోలీసులకు అందజేయడం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో, సాధ్యమైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలి. ఆ సమయంలో పోలీసు అధికారి యూనిఫారంలో ఉండరాదు. బిడ్డ పేరు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, పాఠశాల వివరాలు ప్రసార మాధ్యమాలలో వెల్లడించడాన్ని 23వ సెక్షన్ నిషేధించింది. బాలల సహాయం కోసం 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.